కంచం మీద పేరు

ఆదివారం మధ్యాహ్నం, గడ్డిఅన్నారంలో ఒక ఫ్లాటు. బ్యాంకు ఆఫీసరుగారు ఆకలిని ఓర్చుకుంటూ, కాలనీలో ఎంతమంది ఆడవాళ్ళకి బ్యాంకు సేవలు అందాయో రిపోర్టు రాస్తున్నారు. ఎదురుగా భార్య నిలబడి ఉంది.

"నిన్ను కూడా లెక్కలో కలిపేశాను. మన కాలనీ నూటికి నూరు."

"సంతోషం. మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పండి. దిల్‌సుఖ్‌నగర్‌లో టైలరింగ్ కోర్సుకి ఫీజు కట్టాలి, ఇవాళే ఆఖరు."

"ఈ వయసులో కోర్సులేంటి? చెప్పను."

"అది నా ట్యూషన్ల డబ్బండీ."

"కాదన్నానా? అకౌంటు నీ పేరు మీదే ఉందిగా."

"కార్డేమో మీ పర్సులో, ఓటీపీ మీ ఫోన్లో. ఇంతవరకూ నేను రూపాయి తీసి ఎరగను. దీన్నేమని రాస్తారు?"

"సేవలు అందినట్టే రాస్తాం. అకౌంటు ఉందా అని చూస్తాం గానీ, వాడుకున్నారా అని అడగం."

చేతికొచ్చిన నూరుని తొంభైతొమ్మిది చేసుకోవడం ఆయన వంశంలోనే లేదు.

"సరే రండి, కంచం పెట్టాను."

ఆయన వెళ్ళి కూర్చున్నారు. స్టీలు కంచం ఖాళీగా మెరుస్తోంది.

"అన్నమేదీ?"

"కంచం మీద మీ పేరు చెక్కించి ఉందిగా. భోంచేసినట్టే రాసుకోండి."

ఆయన తన పేరు రెండుసార్లు చదువుకుని ఫోన్ తీశారు. ఒక్కో అంకె చెబుతుంటే ఒక్కో గరిటె పడింది. ఆఖరి అంకెకి నెయ్యి.