చెవి పెట్టి విన్న ఇంజను

డీజిల్ షెడ్డులో ముప్పయ్యేళ్లు ఫిట్టరుగా చేసిన ఆయన స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడికి చెవి పెట్టి విని సరేనంటే తప్ప, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లెవరూ పాత బండి కొనరు. ఈమధ్యే ఆయన మాట మీద పాత కారు కొన్న అన్న కొడుకు ఆటోలో దిగడం చూడగానే ఆయనకి సంగతి అర్థమైపోయింది.

“ఇంజను పోయింది, చిన్నాన్నా.”

“అచ్ఛా! నెల కూడా అవలేదు కదరా.”

“అమ్మినోడు స్పీడు కోసం ఇంజను కంప్యూటర్లో ట్యూనింగ్ మార్పించేసి తోలాడట. తిఫ్రాలో మెకానిక్కు ఇప్పి చూసి సెప్పాడు. ఆ రోజు నువ్వు ఇన్నావు కదా, నీకేటీ తేడా తెలీలేదా?”

ఆయన తల దించుకున్నాడు.

“తెలిసింది. టర్బో ఈలేస్తంది. లోపల పిస్టన్ కొట్టుకుంటంది. అన్నీ ఇనపడ్డాయి.”

“మరి బేషుగ్గా ఉంది, తీసుకోమన్నావేటి?”

“అమ్మినోడు మన మనీషు కదరా. కన్న కొడుకు బేరం నా నోటితో నానే ఎలా సెడగొట్టను?”

వచ్చినవాడు వెనక్కి తిరిగాడు. గుమ్మం దిగబోతూ ఆగాడు.

“నాన్న పోయిన రోజు నా బుజమ్మీద సెయ్యేసి, నువ్వూ నా కొడుకువే అన్నావు. అదీ ఇలాగే అన్నావా, చిన్నాన్నా?”