రాణమ్మకు బొట్టు పెట్టిన నాడు

"బాపమ్మా, గీ ఫోటోల నీ పక్కన కూసున్న రాణమ్మను మన ఊరికి పిలిచింది నువ్వేనట గదా. ఎట్ల పిలిచినవే?"

ఎవలు చెప్పిండ్రే నీకు, మీ బాపేనా? వానికి సగమే ఎర్క. కూసో, చెప్త.

మన మార్కండేయ గుడి ఉన్నది గదా, గా జాగ రాజుల ఇంటోళ్ళు ఇచ్చిందే. మీ తాత వాళ్ళ తాత మగ్గం నేసేటప్పటి సంగతి. గందుకే గుడి పండుగకు రాజుల ఇంటికెళ్ళి ఒకలు వచ్చి జెండ కట్టేది. తర్వాత వాళ్ళు కరీంనగర్‌ల ఇల్లు కట్టుకొని పోయిండ్రు, వచ్చుడు బంద్ అయింది. మొన్న గుడి కొత్తగ కట్టినంక మా మరిది కొడుకు సత్తయ్య, సంఘం పెద్దమనిషి గదా వాడు, గా ఇంటోళ్ళు వస్తెనే జెండ ఎక్కుతది అని పట్టువట్టిండు. నలుగురు మొగోళ్ళు పోయి కార్డు ఇచ్చిండ్రు. 'చూస్త' అన్నదట గా రాజుల ఇంటి రాణమ్మ. చూస్త అంటె రానట్టే గదనే.

నేనే అన్న, అరేయ్, కార్డు ఇస్తె పిలిచినట్టా, ఆడోళ్ళను తీస్కపోయి బొట్టు పెట్టి పిలువుండ్రి అని. సత్తయ్య పెండ్లాం లచ్చవ్వ కుంకుమ భరిణె పట్టుకొని తయారైంది. నేనా? నేను కరీంనగర్ దవాఖానల కండ్లు చూపిచ్చుకునేది ఉండి వాళ్ళతోని బస్సు ఎక్కిన, ఆడోళ్ళకు పైసలు లేని జీరో టికెట్ ఆయె. చెన్నూరుల ఉండే మా చెల్లె సుత అదే దవాఖానల చూపిచ్చుకున్నది. పిలుపుకు నేనెట్ల పోత బిడ్డా, మీ తాత పోయినంక. మన వాడకట్టుల పెండ్లి పిలుపుకు వచ్చినోళ్ళు పక్కింటామెకు బొట్టు పెడుదురు, నాకు 'రా మరి పెద్దమ్మా' అని నోటితోని చెప్పి పోదురు. మస్తు బాధ అయితుండె. అబద్ధమెందుకు.

సరె, సత్తయ్యతోని కలిసి అందరం ముందుగాల రాణమ్మ ఇంటికే పోయినం. కోట అనుకున్న నేను. మామూలు మేడనే, ముంగట బట్టలు ఆరేసిండ్రు. నన్ను మూలకు సోఫాల కూసోవెట్టిండ్రు. రాణమ్మ వచ్చింది, లచ్చవ్వ భరిణె తీసి వేలు ముంచి తల ఎత్తింది. ఎత్తితె ఏమున్నది, రాణమ్మ నుదురు ఉత్తగ ఉన్నది. రాజు పోయి ఏడాది దాటిందట. కార్డు ఇచ్చిన మొగోళ్ళు ఆమె ఇచ్చిన చాయ్ ముచ్చట చెప్పిండ్రు గని గీ ముచ్చట ఒక్కడన్న చెప్పిండా?

లచ్చవ్వ వేలు అట్లనే ఆగింది. పెట్టరాదు, తీయరాదు. రాణమ్మకు సమజైంది. 'పర్వాలేదమ్మా, కార్డు ఇచ్చిండ్రు గదా, చాలు' అని నవ్వింది. గా నవ్వు నాకు ఎర్కే. నేను రోజు నవ్వేదే.

లేచిన. లేచిన అంటె, ఎక్కడ లేస్త, గా సోఫా లోపటికి గుంజుతుండె, మోకాళ్ళు చూస్తె గిట్లాయె. ఎట్లనో లేచి లచ్చవ్వ చేతులకెళ్ళి భరిణె తీసుకున్న. 'తల్లీ, నాకు సుత పెనిమిటి లేడు. పెట్టమంటె పెడుత, వద్దంటె వద్దు. గని మా వాడకట్టు తరపున నిన్ను సక్కగ పిలువకుంట మాత్రం పోను' అన్న.

రాణమ్మ నా దిక్కు నుదురు వంచింది. 'పెట్టండి. మరి మీకు నేను పెట్టొచ్చునా?' అన్నది.

గది నేను అనుకోలే బిడ్డా. సత్తయ్య 'పెద్దమ్మా' అన్నడు, ఎందుకన్నడో ఇప్పటికీ అడుగలే. నేను పెట్టిన. ఆమె పెట్టింది. ఎన్నేండ్లకో నుదుటికి వేలు తాకింది, ఏడ్సిన. ఆమె సుత ఏడ్సింది. కండ్ల దవాఖాన మతికే లేదు, మల్ల ఇంకోపారి పోవలసి వచ్చింది.

వచ్చింది రాణమ్మ. జెండ కట్టింది. నన్ను పిలిచి పక్కన కూసోవెట్టుకున్నది, గదే గీ ఫోటో. ఇద్దరు గట్ల ముంగట కూసున్నరేంది అని గొణిగినోళ్ళు గొణిగిండ్రు. గుడికేమన్న అయిందా? ఏం కాలే. వానలు సుత మంచిగనే పడ్డయి.

మొన్న లచ్చవ్వ వాళ్ళు బిడ్డ పెండ్లి పిలుపులకు మన గల్లీల తిరుగుతుండ్రు. నేను అరుగు మీదికెళ్ళి లేచి లోపటికి పోబోయిన, అలవాటు గదా. లచ్చవ్వ ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నది. 'ఎటు పోతున్నవ్ పెద్దత్తా, నుదురు చూపెట్టు' అన్నది.

చూపెట్టిన.

నువ్వు సల్లగుండు బిడ్డా, నిండుగ బతుకు. పిలువ పోయిననాడు ఎవ్వల గడప విడిసిపెట్టి పోకు...