వీపు వెనక పైన్ చెట్టు

అధ్యక్షులు, వర్తక సంఘం పెద్దలు హిరసే గారికి, మా విడిది యజమాని ఒరితో గారికి, ఆయన తల్లి హత్సుయో అమ్మగారికి, నా నోటికి జడుస్తూనే ఇన్నేళ్లు నాతో పనిచేసిన మీ అందరికీ, ఇవాళ్టితో పని విరమిస్తున్న ఈ మసునో వంగి నమస్కరిస్తోంది.

ముప్పయ్యారేళ్లుగా ఇక్కడ నా పని ఒక్కటే. ఈ గది గోడలోని అరలో, ఈ తొకొనోమలో, పైన చిత్రపటం వేలాడదీసి కింద బోన్సాయ్ చెట్టు పెట్టడం. అదీ ఒక పనేనా అనుకుంటారు. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఒకాయన ఆ అరలో తడి గొడుగు ఆనించాడు. పోయిన నెల ఒకావిడ చెట్టును పక్కకు నెట్టి ఫోను ఛార్జింగుకు పెట్టుకుని, "చెట్టే కదమ్మా, దానికేం తెలుస్తుంది?" అని నన్నే అడిగింది. చెట్టుకు తెలియదు సరే, మనకు తెలియొద్దూ?

ఒరితో గారూ, తల దించుకోకండి, మీ సంగతికే వస్తున్నాను. నేను జ్వరంతో పడుకున్న ఒక్క రోజు మీరు పైన్ చెట్టు వెనక పైన్ చెట్టు బొమ్మే తగిలించి, "మ్యాచింగ్ బాగా కుదిరింది కదండీ" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. కింద చెట్టుంటే పైన ఒక్క చంద్రుడు చాలు, మధ్యలోని కొండనూ గాలినీ చూసేవాళ్లే ఊహించుకుంటారు. అమ్మగారు వచ్చి, "ఏరా, ఇంకో రెండు పెట్టకపోయావా, అడవయ్యేది" అన్నారు కూడానూ. (నవ్వులు)

అసలు కడుపుమంట మన మర్యాదతోనే. చెట్టు ముందరి చోటు పెద్దవారికిస్తాం, వారేమో దానికి వీపు పెట్టి కూర్చుంటారు. అందుకే కూర్చోకముందే దాని ఎదుట మోకరిల్లి చూడాలని మన పెద్దలు నియమం పెట్టారు. హిరసే గారూ, పందొమ్మిదేళ్లుగా కొత్త సంవత్సరం విందులో ఆ చోటు మీదే. ఒక్కసారైనా చూశారా? వస్తూనే "సాకే వేడిగా ఉందా?" అని మందు సంగతే అడుగుతారు.

ఇదంతా ఎందుకు వెళ్లగక్కుతున్నానంటే, రేపు ఈ అరలో టీవీ పెడతారట. ఎవరూ చూడని చెట్టు ఎందుకన్నారు ఒరితో గారు. మీ నాన్నగారు పోయేముందు నా చేతుల్లో పెట్టిన చెట్టండీ ఇది! కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. నిజమే మరి, ఎవరు చూశారు?

ఇవాళ నన్నూ ఆ పెద్ద చోటులోనే కూర్చోబెట్టారు. గంటన్నరగా నా చెట్టు నాకే కనబడటం లేదు. అందుకని తలుపు దగ్గరికి, వడ్డించేవాళ్ల చోటుకి పోతున్నాను. ముప్పయ్యారేళ్లూ అక్కడినుంచే చూశాను. హిరసే గారూ, మీరూ రండి. ఒరితో గారూ, మీరు కూడా. ఊరికే కూర్చుని చూడండి.

(ఇద్దరూ లేచి వచ్చి తలుపు దగ్గర ఆమె పక్కన కూర్చుంటారు)

ఏమన్నారు హిరసే గారూ? "ఇది ఎటు వంగితే అటు గాలి వీస్తున్నట్టుందే" అనా? అమ్మయ్య! పందొమ్మిదేళ్లకు అన్నారు.

మీరేమంటున్నారు ఒరితో గారూ? "చెట్టు ఉండనీండి, టీవీ ఎదురు గోడకి పెట్టిస్తాను" అనా? ఎదురు గోడకా! అంటే మళ్లీ అందరూ చెట్టుకు వీపేనన్నమాట. (నవ్వులు) ఏం మనిషండీ మీరు! సరే, చెట్టుంటే చాలు. రేపటినుంచి నేనూ ఇక్కడికి అతిథినే కదా. వచ్చినప్పుడు మర్యాద పేరుతో ముందుకు లాక్కెళ్లకుండా, నన్ను ఈ తలుపు దగ్గరే కూర్చోనివ్వండి. ఇంత విసుక్కున్నా విన్నారు, మీ అందరికీ రుణపడి ఉంటాను. సెలవు.