రాణి దూకిన బురుజు

ఉదయగిరి దుర్గం కొండ మీద, సగం కూలిన బురుజు దగ్గర గైడు మాల్యాద్రి, ఒంటరిగా కొండెక్కి వచ్చిన వసంతకుమారి.

“అబద్ధం.”

“ఏంది మేడం, ఊరికే అబద్ధం అబద్ధమంటారు?”

“ఇక్కడ్నించి ఏ రాణీ దూకలేదు. గజపతుల చేతిలో ఉన్న కోట ఇది. రాయలు ఏణ్ణర్ధం ముట్టడేసి కూర్చుంటే లొంగినారు. అంతే.”

“టీచరా మీరు?”

“ఆఁ. సోషల్.”

“అనుకున్నా. పుస్తకంలో ఉండేది చెబితే ఎవురు మేడం ఇంత ఎండలో కొండెక్కేది? రాణి అంటేనే గిరాకీ.”

“గోడ మీద ‘రాణి దూకిన బురుజు’ అని ఆ ఎర్ర పెయింటు రాతలు నీయేనా?”

“నాయే. అయితే ఏంది?”

“నోరు బాగానే ఉండాదే నీకు.”

“మీకు మాత్రం తక్కువా? చెప్పమన్నారు, చెప్తా ఉండాను. ఇనకపోతే దిగిపోండి.”

“ఇంటాను. రాణి తర్వాత ఇంకేందో చెప్తావంట గదా.”

“ఓ, అదా! అది కథ కాదు మేడం, నిజం. పోయిన కార్తీకంలో ఆత్మకూరు పిల్ల ఒకతి సరిగ్గా ఇక్కడే దూకింది. ఎవర్నో ప్రేమించిందంట. ఇంట్లో ఒప్పుకోలేదంట. ఆ సంగతి చెప్పినంక రాణి సంగతి గూడా గట్టిగా నమ్ముతారు జనం.”

“నువ్వు చూసినావా?”

“ఊరంతా అనుకుంటా ఉంటే...”

“నువ్వు చూసినావా అంటుండా!”

“అరవబాకండి. చూళ్ళేదు. అప్పుడు నేను మసీదు కాడ ఉన్నా.”

“ప్రేమించిందని ఎవురు చెప్పినారు?”

“ఎవురో ఒకరు... అయినా కారణం లేకుండా ఎందుకు దూకుతాది మేడం?”

“పేరేంది ఆ పిల్లది?”

“పేర్లెందుకు మనకి...”

“భవ్యశ్రీ. ఇంటర్ సెకండియర్. దానికి ప్రేమా లేదు, దోమా లేదు. ఎంతమందికి చెప్పినావు నా బిడ్డ సంగతి?”

“అమ్మా...”

“చెప్పు! ఎంతమందికి?”

“మీరని తెలీదమ్మా. తప్పయిపోయింది. ఇంక ఆ మాటెత్తను.”

“ఎత్తు. వచ్చినోళ్ళందరికీ చెప్పు. దూకిందని మాత్రం అనబాక.”

“మరి... ఏం జరిగిందమ్మా?”

“ఫోటోలో బురుజు మొత్తం పడలేదని, ‘ఇంకొక్క అడుగు ఎనక్కి జరుగు తల్లీ’ అన్నింది నేనే.”