ఎడమవైపు క్లాంపు

షెడ్డులో బానెట్ తెరిచిన బండి. ఇంజిన్ మీదికి వంగి ఒక మెకానిక్కు, పక్కనే టార్చి పట్టుకుని అతని మరదలు. మూడింటికి కొండెక్కే పోటీ.

"టార్చి కదపకే. పైపు చూపించమంటే నా మొహం చూపిస్తావేంటి?"

"ఇదిగో, పైపు మీదే పెట్టా బావా. టైమెంతయింది?"

"ఒకటిన్నర."

"ఇందాకా ఒకటిన్నరే అన్నావు."

"నువ్వు ఇందాక అడిగి రెండు నిమిషాలైంది మరి. కుదురుగా నిలబడు, కాలుగాలిన పిల్లిలా తిరక్కు."

"బ్రేకు పెడల్‌కి తెల్లరంగు వెయ్యమన్నా. వేశావా?"

"వేశా."

"ఆరిందా?"

"ఆరింది. ఎన్నిసార్లు అడుగుతావే?"

"మళ్ళీ దాన్ని వదిలేసి యాక్సిలేటర్ తొక్కేస్తానేమోనని. నా పక్కన ఎవరు కూర్చుంటున్నారు? దారి చెప్పే మనిషి లేకపోతే పైకి పంపరు."

"ఉంటార్లే ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరేంటి? ఫారంలో పేరు రాయాలి కదా."

"రాసే ఉంది. నా జేబులో ఉంది. ముందు ఆ కొస పట్టుకో. పైకి లాగు. ఇంకా."

"ఇంత పైకెందుకు? కిందటేడు ఈ పైపు ఇలా లేదు."

"కిందటేటి సంగతి ఇప్పుడెందుకు?"

"కిందటేడు ఇదే బండి నా చేతిలో బోల్తాపడింది కాబట్టి. నడిపేదాన్ని, తెలుసుకోవద్దా? ఏంటీ పైపు?"

"బ్రీదర్ పైపు. ఇంజిన్ పొట్టలో పొగ చేరుతుంది. అది బయటికి పోవాలి. పోకపోతే ఆయిల్ సీళ్ళు బయటికి తన్నుకొస్తాయి. అంతే."

"పొగ పోవడానికి ఇంత పొడుగు పైపూ, మధ్యలో డబ్బా ఎందుకు?"

"పొగతో పాటు నూనె కూడా వస్తుంది. నూనె డబ్బాలో దిగిపోతుంది, పొగ పైనుంచి పోతుంది. వాగు దాటేటప్పుడు నీళ్ళు దూరకుండా కొసని బండి కప్పు దాకా ఎక్కిస్తున్నా. చాలా?"

"డబ్బా లేకపోతే?"

"ఉంది కదా."

"లేకపోతే అంటున్నా."

"స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

"ఇస్తాను గానీ చెప్పు. డబ్బా లేకుండా, ఇంజిన్ గాలి పీల్చుకునే చోట పైపుని తిన్నగా కలిపేస్తే?"

"రోడ్డు మీద ఏం కాదు. చాలా బళ్ళకి అలాగే ఉంటుంది."

"రోడ్డు మీద సరే. నిట్టనిలువుగా ఎక్కుతుంటే?"

"నూనె వెనక్కి జారుతుంది."

"జారి?"

"పైపులోకొస్తుంది. ఇంజిన్ దాన్ని తాగుతుంది. పైపు కట్టే ప్లాస్టిక్ టైలు ఎక్కడ పెట్టావే?"

"తాగితే ఏమవుతుంది?"

"డీజిల్ ఇంజిన్ కదా. ఏ నూనె దొరికినా మండించుకుంటుంది."

"కీ తీసేస్తే ఆగదా?"

"టైలు అడిగాను."

"బావా, నిన్నే. కీ తీసేస్తే ఆగదా?"

"కీ ఆపేది డీజిల్‌ని. తన నూనె తనే తాగుతుంటే కీ ఏం చేస్తుంది? ఆగదు."

"నేను చెప్పిందీ అదే కదా. కీ తీశాను, బ్రేకు తొక్కాను, అయినా బండి అరుచుకుంటూ పైకి దూకింది అని ఆ రోజు అందరికీ చెప్పాను."

"చెప్పావు."

"నువ్వేమన్నావు? కంగారులో బ్రేకనుకుని యాక్సిలేటర్ తొక్కేసుంటావు, పర్లేదులే అన్నావు. పర్లేదులే అట."

"టైలు ఆ ఎర్రపెట్టెలో ఉన్నాయేమో చూడు. కాదు, ఆగు. ఆ పెట్టె తెరవకు, నేను తీస్తా."

"తెరిచేశా. ఇదేంటి? జానెడు ఒంపుపైపు. రెండు కొసలా బిగించే క్లాంపులు, లోపలంతా నూనె అట్టగట్టింది."

"పాతది. పారెయ్."

"పారేసేదాన్ని గుడ్డలో చుట్టి దాచుకుంటారా? ఆ రోజు బండికి ఉన్నది ఇదేనా?"

"అదే."

"ఎప్పుడు తీశావు?"

"నిన్నూ, నీ పక్కన కూర్చున్న అక్కనీ ఆసుపత్రికి పంపించాక. ఎవరూ చూడకముందే పీకేశా."

"ఏడాది బావా. ఏడాది పాటు నా కాలిని నేనే నమ్మలేదు. మెట్లు దిగుతూ ఏ కాలు ముందేస్తున్నానో చూసుకునేదాన్ని. అక్క చెయ్యి నా వల్లే నలిగిపోయిందనుకున్నా. నేను ఫోన్ చేస్తే అక్క పలకదు, నీ చేతికిచ్చేస్తుంది. ఆ కోపం న్యాయమేలే అని సరిపెట్టుకున్నా. చివరికి పెడల్‌కి తెల్లరంగు వెయ్యమని నిన్ను బతిమాలుకున్నా. నువ్వు అన్నీ తెలిసి కూడా కుంచె పట్టుకుని వేశావు."

"తప్పు నాదే. ఆ పైపు నేనే పెట్టా. పోటీ ముందురోజు డబ్బా పగిలింది. ఇంకోటి దొరకలేదు. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అని తిన్నగా కలిపేశా. కొట్టాలనుంటే కొట్టు."

"నువ్వు పెట్టావా?"

"నేనే."

"ఇటు చూడు. టార్చి నీ మొహం మీదే వేస్తున్నా, తిప్పుకోకు. పొద్దున్నుంచి నువ్వు బిగించిన క్లాంపులన్నింటికీ స్క్రూ తల కుడివైపుంది. ఈ పాతపైపుని దాని ఒంపు ప్రకారం ఇంజిన్ మీద పెట్టి చూడు. రెండు తలలూ ఎడమవైపున్నాయి."

"చోటు కుదరక అలా..."

"చోటు కుదరక కాదు, అబద్ధం కుదరక. చిన్నప్పుడు మా ఇంట్లో గ్యాసు పైపు మార్చాలంటే నాన్న తిట్టుకుంటూ మార్చేవాడు. మిగతా అందరిదీ కుడిచేతి వాటం, క్లాంపు బిగించింది మాత్రం ఎడమచెయ్యి. బిగించిందెవరని ఎవర్నీ అడగక్కర్లేదు. మా ఇంట్లో ఎడమచేతి మనిషి ఒక్కతే."

"తనే చెప్తానంది. నన్ను నోరెత్తొద్దంది."

"అక్కేనా?"

"అక్కే. నేను టైర్ల కోసం వెళ్ళిన పూట డబ్బా పగిలింది. నువ్వు పోటీ మానుకోవాల్సి వస్తుందని తనే కలిపేసింది. ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే ముందు ఆ పైపు సంగతే అడిగింది. చెయ్యి గురించి తర్వాత అడిగింది."

"మరి ఏడాదిగా ఏం చేస్తోంది?"

"రోజూ రేపు చెప్తానంటుంది. నీ గొంతు వినగానే ఫోన్ నా చేతిలో పెట్టేసి వంటింట్లోకి పోతుంది. కోపం కాదే అది. మొహం చెల్లక."

"తనకి మొహం చెల్లకపోతే నా మొహం ఏమైపోవాలి? బండి నడపడం రాదని అందరూ నన్నేగా అన్నారు? మీ ఇద్దరూ విన్నారుగా?"

"విన్నాం. దాచిన దొంగల్లో నేనూ ఉన్నా. నన్ను కూడా తిట్టు."

"నీ సంగతి తర్వాత. ముందు ఫారం ఇవ్వు."

"ఈ ఒక్కటీ బిగించాక..."

"ఇవ్వు బావా. నా పక్కన కూర్చునేదెవరో ఇప్పుడు చూడాలి. ఇదేం రాత? కోడి కెలికినట్టుంది. సగం అక్షరాలు గీత దాటి బయటికి పోయాయి."

"చదువు."

"అక్క పేరు."

"ఎడమ చేతిలో ఇంక పెన్ను నిలవదు. కుడి చేత్తో రాసింది. నన్ను రాయనివ్వలేదు. చెల్లికి నిజం చెప్పకుండా బండెక్కను, చెప్పాక అది వద్దంటే ఎప్పటికీ ఎక్కను అంది. గంటనుంచీ బయట పాతటైర్ల మీద కూర్చుని ఉంది. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కిపోయింది. నువ్వు అటు తిరిగి ఉన్నావు."

"గంటనుంచా?"

"గంటపైనే. కోపం పోయిందా కాస్త?"

"పోలేదు. పోతుందని నువ్వు ఎవరికీ మాటివ్వకు. ఆ చివరి క్లాంపు బిగించావా?"

"ఇదిగో, బిగించబోతున్నా."

"స్క్రూడ్రైవర్ కింద పెట్టు. దాన్ని వదిలెయ్."

"టైమవుతోందే."

"అవనీ. అక్కా, లోపలికి రా. ఈ క్లాంపు నువ్వు బిగించాలి. టార్చి నేను పడతాను."