తలుపు రాయి

నాలుగు రోజులుగా గాలికి దభేల్‌మంటున్న పెరటి తలుపు ఇవాళ కిక్కురుమనలేదు. కొండలూ రాళ్ళూ చదివిన మొగుడుగారు అనుమానంగా వెళ్ళి చూసి, గడప మీదే చతికిలబడ్డాడు.

"తలుపుకి ఈ రాయి ఎవరు పెట్టారు?"

"నేనే. మీ బల్ల కింద సంచిలో దొరికింది. పాత తలుపు రాయి ఎక్కడ పోయిందో కనపడలేదు."

"ఇది అగ్నిపర్వతం రాయి. మూడు రోజులు కొండెక్కి తెచ్చాను."

"మరి మొన్న మీరు మ్యూజియానికి పట్టుకెళ్ళిన రాయేంటి?"

"బల్ల మీదున్నది. నల్లగా, చిల్లులు చిల్లులుగా..."

"ఇల్లు తుడుస్తూ తలుపు రాయి అక్కడ పెట్టానండీ. మా అన్నయ్య బట్టీలో మాడిపోయిన ఇటుక అది."

"మీ అన్నయ్య ఇటుకా? పశువుల కొట్టానికి కూడా పనికిరావన్నానే."

"చూసుకోలేదా?"

"చూశాను. లావా గడ్డకట్టి రెండు లక్షల ఏళ్ళయిందని రాసి సంతకం పెట్టాను. మా డైరెక్టరు దాని ముందు నిలబడి అరగంట మాట్లాడాడు."

"రేపు వెళ్ళి మార్చెయ్యండి."

"ఎందుకు మారుస్తున్నావంటే ఏం చెప్పను?"

ఆవిడ తలుపు ఓసారి ఊపి చూసింది. కొత్త రాయి కదల్లేదు.

"పోనీ అక్కడే ఉండనివ్వండి. ఇన్నేళ్ళకి మా అన్నయ్య ఇటుక ఒక్కటైనా మీ కంటికి ఆనింది."