రెండో మైకు

బట్టల బీరువా తెరిచి, వేలాడే చొక్కాల మధ్య మైకు పెట్టుకుని పాటలు రికార్డు చేసుకునే దర్జీ, ఆ మధ్యాహ్నం ఫోనులో సౌండు మిక్సరు బొమ్మ భార్యకు చూపించాడు.

“కొందామా?”

“ఉన్నది ఒక్క గొంతు. దానికి ఇన్ని మీటలెందుకండీ?”

“దీనికి రెండు మైకులు తగిలించుకోవచ్చు. ఎవరి గొంతు వాళ్ళకి విడిగా సరిచేసుకోవచ్చు.”

“రెండోది ఎవరికి? మీ కుట్టుమిషనుకా?”



“నిన్న నేను పాడుతుంటే, గిన్నెలు తోముకుంటూ నువ్వు చరణం అందుకున్నావు. అదీ రికార్డులో పడింది.”

“అయ్యో, పాట పాడుచేశానా? చెరిపేశారా?”

“పదిసార్లు విన్నాను. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నీ పాట వినడం అదే మొదలు. కాకపోతే మరీ దూరంగా వినిపిస్తున్నావు.”

ఆమె ఫోను చేతిలోకి తీసుకుని ఆ మీటలన్నీ మళ్ళీ చూసింది.

“సరే, కొనండి. రెండో మైకు తీగ మాత్రం వంటింటిదాకా వచ్చేది చూడండి.”